ఊరికే వచ్చిన సరుకుకీ చిట్టా ఉండాలి

నరసరావుపేట: మిరప విత్తనం కొన్న రైతు బిల్లుతోపాటు ఖాళీ ప్యాకెట్ కూడా దాచుకోవాలని వ్యవసాయాధికారులు ఏటా చెబుతూనే ఉంటారు. మొలక సరిగా రాకపోయినా, చెట్టు ఏపుగా పెరిగి కాయ పట్టకపోయినా పరిహారం అడగడానికి ఆ ప్యాకెట్ మీది లాట్ నంబరే సాక్ష్యం. ప్యాకెట్ పారేసిన రైతు తన పొలంలో వేసింది ఎవరి విత్తనమో తానే రుజువు చేసుకోలేడు.

సరిగ్గా ఇదే చిక్కు ఇప్పుడు కంప్యూటర్ ప్రోగ్రాములు తయారుచేసేవారికీ వచ్చిపడింది. ఏ ప్రోగ్రామునూ మొదటినుంచి చివరివరకూ ఒక్కరే రాయరు. ఎవరో రాసి, అందరూ వాడుకోండని పెట్టిన ముక్కలు తెచ్చి కలుపుకుంటారు. ఆ ముక్కల్లో మరొకరి ముక్కలు ఉంటాయి. వాటిలో ఇంకొకరివి. ఏ ముక్క ఎక్కడిది, ఏ షరతు మీద ఇచ్చారు, దానికి తెగులు వస్తే మందు ఎవరి దగ్గర ఉంది అన్న లెక్క మాత్రం చాలాచోట్ల ఉండదు. ఊరికే వచ్చిన సరుకే కదా అన్న తేలికభావమే ఇందుకు కారణం.

ఇది పట్నం కంపెనీల గొడవ, పల్లెటూరి వాళ్లకెందుకు అనుకోవడానికి లేదు. మాచర్ల, గురజాల పల్లెల్లో రైతులు పొలం అడంగల్‌ను మీభూమిలో చూసుకుంటున్నారు. కిరాణా కొట్టు నుంచి ఎరువుల దుకాణం దాకా డబ్బు ఫోన్ మీదనే చేతులు మారుతోంది. 2025 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం మన మిత్ర పేరుతో కొన్ని సేవలను వాట్సాప్‌లోకే తెచ్చింది. పొలం వివరం, బ్యాంకు ఖాతా, ఆధార్ నంబరు అన్నీ ప్రోగ్రాముల చేతుల్లోకి పోయాక, ఆ ప్రోగ్రాముల లోపల ఏముందో అడిగే హక్కు పల్లెవాసికీ ఉంది. ఇక నరసరావుపేట ఇంజనీరింగ్ కళాశాలల్లో చదివే మన పిల్లలకు రేపటి కూడే ఇది.

ఫోన్‌లోనే ఉన్న జాబితా

ఈ మాటలో నిజమెంతో చూడడానికి ఎక్కడికీ వెళ్లనక్కరలేదు. ఆండ్రాయిడ్ ఫోన్ ఉన్నవారు సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ అన్నచోటికి వెళ్లి, అక్కడ లీగల్ ఇన్ఫర్మేషన్ నొక్కితే ఓపెన్ సోర్స్ లైసెన్సుల జాబితా కనిపిస్తుంది. కొన్ని ఫోన్లలో పేర్లు కొద్దిగా మారవచ్చు. ఎంత జరిపినా తరగని జాబితా అది. ఫోన్ ఒక కంపెనీదే అయినా లోపలి ముక్కలు రాసింది ఎవరెవరో, వారు పెట్టిన షరతులేమిటో అక్కడ రాసి ఉంటుంది. నూటికి తొంభైతొమ్మిది మంది దాన్ని ఎన్నడూ తెరిచి ఉండరు.

ఆ ఫోన్‌కు పునాది లినక్స్. ఫిన్లాండ్ దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి 1991లో మొదలుపెట్టిన ప్రోగ్రాం అది. తర్వాత ప్రపంచం నలుమూలల నుంచి వేలాదిమంది చేయివేశారు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు అక్షరాలు చూపించే నోటో అనే ఫాంటు కూడా అందరికీ ఉచితంగా ఇచ్చినదే.

ఇలా తమ ప్రోగ్రాం మూలపాఠాన్ని దాచుకోకుండా, చదువుకోండి, దిద్దుకోండి, పంచుకోండి అని లోకానికి ఇచ్చే పద్ధతినే ఓపెన్ సోర్స్ అంటున్నారు. పల్నాటి వారికి ఈ పద్ధతి కొత్తగా చెప్పనక్కరలేదు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి పెట్టించిన చాపకూడు కథ ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. కారంపూడి తిరునాళ్లలో మందపోరు నాడు నేటికీ చాపకూడు జరుగుతుంది. ఆ బంతిలో ఎవరైనా కూర్చోవచ్చు. అయితే వండేవారు మాత్రం బియ్యం ఎవరి ఇంటినుంచి వచ్చాయి, నూనె మంచిదేనా, పప్పులో పురుగుందా అని చూడకుండా పొయ్యి మీద పెట్టరు. అందరికీ పెట్టే కూడు కనుక ఇంకా జాగ్రత్తగా చూస్తారు. ఓపెన్ సోర్స్‌లోనూ వంటవారి పని ఇదే.

షరతులు రకరకాలు

ఉచితం అంటే షరతు లేదని అర్థం కాదు. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును కూడా సాహిత్య రచన కిందే లెక్కిస్తుంది. రాసినవారే దానికి హక్కుదారు. ఆయన ఇచ్చే అనుమతి పత్రమే లైసెన్సు.

ఎంఐటీ, బీఎస్‌డీ వంటి లైసెన్సులు చాలా సులువైనవి. ఊరి బావి వంటివి. ఎవరైనా తోడుకోవచ్చు, ఆ నీళ్లతో వ్యాపారం కూడా చేసుకోవచ్చు. బావి తవ్వించిన వారి పేరున్న శిలాఫలకాన్ని మాత్రం పీకివేయకూడదు. అంటే, ప్రోగ్రాముతోపాటు రాసినవారి పేరు, లైసెన్సు పాఠం ఉంచాలి.

జీపీఎల్ అనేది మరో రకం. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం ప్రారంభించి, 1989లో ఈ లైసెన్సును వెలువరించారు. దీని తీరు మన నాగు వంటిది. నాగుకు గింజలు తెచ్చుకున్నవాడు పంట వచ్చాక గింజలే కొలుస్తాడు. అలాగే జీపీఎల్ ముక్కను తన ప్రోగ్రాములో కలుపుకుని దాన్ని ఇతరులకు ఇచ్చేవారు, ఆ ప్రోగ్రాం మూలపాఠాన్ని కూడా అదే షరతు మీద వారికి ఇవ్వాలి. తన ఇంట్లో తాను వాడుకున్నంత కాలం ఎవరికీ ఏమీ ఇవ్వనక్కరలేదు. గడప దాటినప్పుడే బాకీ మొదలవుతుంది.

ఇక చాలామంది పొరబడేది మూడో రకం దగ్గర. గిట్‌హబ్ వంటి చోట్ల ఎవరైనా చూడగలిగేలా పెట్టి, లైసెన్సు అన్న మాటే రాయని ప్రోగ్రాములు లెక్కలేనన్ని ఉన్నాయి. కనిపిస్తోంది కనుక వాడుకోవచ్చుననుకుంటారు. గేటు తీసి ఉన్నంత మాత్రాన తోట మనది కాదు. అనుమతి రాయనప్పుడు హక్కు అంతా రాసినవారిదే.

కొన్ని షరతులు ఒకదానితో ఒకటి పొసగవు కూడా. జీపీఎల్ రెండో కూర్పు కింద మాత్రమే ఇచ్చిన ముక్కను, అపాచీ రెండో లైసెన్సు కింద ఇచ్చిన ముక్కను ఒకే ప్రోగ్రాములో కలిపి పంచడానికి వీలులేదు. 2007లో వచ్చిన జీపీఎల్ మూడో కూర్పుతోనైతే కుదురుతుంది. రెండూ మంచి సరుకులే అయినా కలిపితే విరుగుతాయి. పాలూ మంచివే, నిమ్మరసమూ మంచిదే.

పత్తి రైతుకు తెలిసిన పాఠం

సరుకు లోపల మరొకరి హక్కు దాగి ఉండటం అంటే ఏమిటో పల్నాటి పత్తి రైతుకు అనుభవమే. బీటీ విత్తనం ప్యాకెట్ మీద దేశీయ కంపెనీ పేరే ఉండేది. లోపలి జన్యువు మీద హక్కు అమెరికా కంపెనీ మోన్‌శాంటోది. 450 గ్రాముల ప్యాకెట్‌కు రైతు పెట్టిన వెలలో పెద్ద వాటా ఆ సాంకేతిక హక్కు రుసుమే. 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీనిమీద గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు వెళ్లి పోరాడింది. ఆ ఏడాదే ప్యాకెట్ ధర 750 రూపాయలకు దిగింది. విత్తనం అమ్మినవాడు ఒకడు, లోపలి హక్కుదారు మరొకడు అన్న సంగతి అప్పుడు ఊరూరా తెలిసింది.

సాఫ్ట్‌వేర్‌లో హక్కు రుసుము బదులు షరతు ఉంటుంది. అంతే తేడా. ఆ షరతు సంగతి చూసుకోకపోతే పెద్ద కంపెనీలు సైతం చిక్కుల్లో పడతాయి. అమెరికాలో సిస్కో కంపెనీ 2003లో లింక్సిస్ అనే మరో కంపెనీని కొన్నది. ఇళ్లలో ఇంటర్‌నెట్ పంచే పెట్టెలు చేయడం లింక్సిస్ వ్యాపారం. ఆ ఏడాదే అందులోని డబ్ల్యుఆర్‌టీ-54జీ అనే పెట్టెను విప్పి చూసినవారు లోపల లినక్స్ ఉన్నట్టు కనిపెట్టారు. లినక్స్ జీపీఎల్ కింద ఉన్నది కనుక, పెట్టె కొన్నవారికి ఆ ప్రోగ్రాం మూలపాఠం కూడా ఇవ్వాలి. ఇవ్వలేదేమని నలుగురూ నిలదీశాక కంపెనీ దాన్ని వెలువరించక తప్పలేదు.

కథ అక్కడితో ఆగలేదు. లింక్సిస్ పేరుతో వచ్చిన మరికొన్ని సరుకుల విషయంలో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ 2008 డిసెంబరులో సిస్కో మీద దావా వేసింది. 2009 మే నెలలో రాజీ కుదిరింది. ఆ రాజీలో ఒక అంశం గమనించదగ్గది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ షరతులు సరిగా పాటిస్తున్నారో లేదో చూడడానికే లింక్సిస్‌లో ప్రత్యేకంగా ఒక అధికారిని నియమించడానికి కంపెనీ ఒప్పుకున్నది. లెక్క చూసే మనిషి ఒకడు ఉండాలన్నదే ఇక్కడి నీతి.

ఈ వ్యవహారం వల్ల లోకానికి మేలు కూడా జరిగింది. బయటకు వచ్చిన ఆ మూలపాఠాన్ని ఆధారం చేసుకునే ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే కొత్త ప్రోగ్రాం పుట్టింది. ఈనాటికీ ఎందరో దాన్ని వాడుతున్నారు.

పదకొండు లైన్లతో అల్లకల్లోలం

షరతుల సంగతి అలా ఉంచితే, బయటి ముక్కల మీద ఆధారపడటంలో మరో ప్రమాదం ఉంది. 2016 మార్చి 22న అమెరికాలో ఒక ప్రోగ్రాముల గిడ్డంగి నుంచి లెఫ్ట్-ప్యాడ్ అనే ముక్కను దాన్ని రాసినాయన తీసివేశారు. పేరు విషయమై వచ్చిన తగవులో కోపం వచ్చి చేసిన పని అది. ఆ ముక్క మొత్తం 11 లైన్లు. అక్షరాలకు ఎడమవైపు ఖాళీలు నింపడం తప్ప దానికి వేరే పని లేదు. అయినా ప్రపంచవ్యాప్తంగా వేలాది ప్రోగ్రాముల తయారీ నిలిచిపోయింది. వాటిలో చాలామందికి తాము ఆ ముక్క మీద ఆధారపడి ఉన్నామన్న సంగతే తెలియదు. తాము తెచ్చుకున్న ముక్క మరో ముక్కను, అది ఇంకో ముక్కను పిలుచుకుంటూ పోయి చివరికి దీని దగ్గర ఆగింది. సుమారు రెండు గంటల్లో గిడ్డంగివారు దాన్ని తిరిగి పెట్టాకగాని పరిస్థితి కుదుటపడలేదు.

నాటిది కాస్త పని ఆగిన నష్టమే. మరుసటి ఏడు జరిగింది మాత్రం ఘోరం. అమెరికాలో ప్రజల అప్పుల చరిత్ర లెక్కించే ఈక్విఫాక్స్ అనే సంస్థ అపాచీ స్ట్రట్స్ అనే ఉచిత ప్రోగ్రామును వాడుతోంది. అందులో పెద్ద లోపం ఉన్నదని, దానికి మందు కూడా సిద్ధమని 2017 మార్చి 7న దాన్ని రాసినవారు ప్రకటించారు. రెండు రోజుల్లో సంస్థ లోపల సర్దుబాటు చేయమని ఆదేశం కూడా వెళ్లింది. కాని ఏ యంత్రంలో ఆ ప్రోగ్రాం ఉన్నదో చెప్పే సరైన జాబితా లేదు. వెతికిన యంత్రం దాన్ని పట్టుకోలేకపోయింది. మే నెలలో దొంగలు ఆ సందులోంచే దూరారు. జూలై ఆఖరు దాకా ఎవరూ కనిపెట్టలేదు. సుమారు 14.7 కోట్ల మంది వివరాలు పరుల పాలయ్యాయి. సంస్థ అధినేత పదవి వదులుకోవలసి వచ్చింది. 2019లో కుదిరిన ఒప్పందం కింద 70 కోట్ల డాలర్ల వరకూ చెల్లించడానికి సంస్థ అంగీకరించింది.

మందు ఊరికే దొరుకుతోంది. ఏ చేనుకు తెగులు వచ్చిందో తెలియక కొట్టలేకపోయారు. లెక్క లేకపోవడం వల్ల వచ్చే నష్టం ఇంతకన్నా స్పష్టంగా చెప్పలేం.

2021 డిసెంబరులో లాగ్-ఫోర్-జే అనే మరో ఉచిత ముక్కలో లోపం బయటపడినప్పుడు ప్రపంచమంతా ఇదే వెతుకులాట. ప్రోగ్రాం నడిచేటప్పుడు జరిగినవన్నీ చిట్టాలో రాసుకోవడమే దాని పని. సంచిలో సంచి, ఆ సంచిలో మరో సంచి అన్నట్టుగా ఎక్కడెక్కడో అది దాగి ఉన్నది. జాబితా ఉన్నవారు గంటల్లో పని ముగించారు. లేనివారు పండుగ సెలవులు కూడా మాని వారాల తరబడి వెతుక్కున్నారు.

తెలుగు అక్షరానికి డెబియన్ కాపలా

మరి ఈ లెక్క సక్రమంగా చూసేవారు ఎవరూ లేరా అంటే ఉన్నారు. జీతం లేని స్వచ్ఛంద కార్యకర్తలు మూడు దశాబ్దాలుగా ఆ పని చేస్తున్నారు. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ అనే సంస్థ లినక్స్ ఆధారంగా ఒక పూర్తి కంప్యూటర్ వ్యవస్థను తయారుచేసి ఉచితంగా ఇస్తోంది. ఎందరో రాసిన వేలకొద్దీ ప్రోగ్రాములను ఒకచోటికి చేర్చడమే వారి పని. 1997లో వారు ఒక సామాజిక ఒడంబడిక రాసుకున్నారు. ఏ లైసెన్సును స్వేచ్ఛ అనవచ్చు, దేన్ని అనకూడదు అన్న కొలతలు అందులో ఉన్నాయి.

అక్కడ పద్ధతి చూస్తే ముచ్చట వేస్తుంది. కొత్త ప్రోగ్రాం ఏది వచ్చినా వరుసలో నిలబడవలసిందే. అనుభవజ్ఞులు దాని లైసెన్సు చదివి, లోపలి ముక్కల హక్కుదారులెవరో చూసి, సరేనన్నాకనే లోపలికి రానిస్తారు. ప్రతి ప్రోగ్రాముకూ కాపీరైట్ అనే కాగితం ఒకటి జతచేసి ఉంటుంది. అది ఏయే ఇతర ప్రోగ్రాముల మీద ఆధారపడి ఉన్నదో మరో చోట రాసి ఉంటుంది.

మన తెలుగు ఫాంట్లు కూడా ఈ గుమ్మం దాటి లోపలికి వెళ్లినవే. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన 2000, వేమన 2000 ఫాంట్లు డెబియన్‌లో ఉన్నాయి. రెడ్ హ్యాట్ సంస్థ ఇచ్చిన లోహిత్ తెలుగు ఉన్నది. ఈ లోహిత్ ఫాంట్లు మొదట జీపీఎల్ కింద వచ్చి, 2011లో ఫాంట్ల కోసమే రాసిన ఓపెన్ ఫాంట్ లైసెన్సు కిందికి మారాయి. సిలికానాంధ్ర వారి తెలుగు విజయం ఫాంట్లు కూడా అక్కడ ఉన్నాయి. సూరన్న, తిమ్మన, పెద్దన, తెనాలి రామకృష్ణ, గిడుగు, గురజాడ, మండలి, రామభద్ర అంటూ పేర్లన్నీ మనవే.

ఆ తెలుగు ఫాంట్లలో చాలావాటికి అక్షరాలు తీర్చినవారు పురుషోత్ కుమార్ గుత్తుల. అయితే కొన్నిటిలోని ఇంగ్లీషు అక్షరాలు వేరే దేశాల డిజైనర్లు ఉచితంగా ఇచ్చిన ఫాంట్ల నుంచి తెచ్చుకున్నవి. తెలుగు ఎవరిది, ఇంగ్లీషు ఎవరిది అన్నది ఫాంటు వివరాల్లో విడివిడిగా రాసి ఉంటుంది. ఒక్క ఫాంటులోనే రెండు చేతులు, రెండింటికీ లెక్క. మన అక్షరం విషయంలోనే ఇంత పద్ధతిగా జరగడం విశేషం.

డెబియన్ వారి పట్టింపు ఎంతటిదో చెప్పడానికి ఒక సంగతి చాలు. ఫైర్‌ఫాక్స్ అనే ప్రసిద్ధ ప్రోగ్రాం మూలపాఠం స్వేచ్ఛగానే ఇచ్చినా, దాని నక్క బొమ్మ షరతులు తమ కొలతకు తూగలేదు. ఆ తగవులో 2006లో వారు బొమ్మ తీసివేసి, పేరు కూడా ఐస్‌వీజిల్ అని మార్చి ఇచ్చారు. పదేళ్ల తర్వాత, 2016లోగాని రాజీ కుదిరి పాత పేరు తిరిగి రాలేదు.

అర సెకను ఆలస్యం పట్టించిన దొంగ

ఇంత కాపలా ఉన్నా దొంగ దూరే సందు ఉంటుందని 2024లో తేలింది. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రామును ఫిన్లాండ్‌లో లాస్సే కాలిన్ అనే ఆయన ఏళ్ల తరబడి జీతం లేకుండా చూసుకుంటున్నారు. పని భారం మోయలేక అలసిన సమయంలో జియా టాన్ అన్న పేరుతో ఎవరో సాయం చేస్తామని వచ్చారు. రెండేళ్లకు పైగా మంచి పని చేసి నమ్మకం సంపాదించారు. ఆ పేరు వెనుక ఉన్నదెవరో నేటికీ తేలలేదు. చివరికి 5.6.0, 5.6.1 అనే కూర్పుల్లో రహస్యంగా దొంగతలుపు పెట్టారు. ఆ కూర్పులు డెబియన్ వారి పరీక్షా విభాగంలోకి కూడా వచ్చేశాయి.

మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన పరీక్షల్లో కంప్యూటర్‌లోకి ప్రవేశించడానికి అర సెకను ఎక్కువ పడుతున్నదని గమనించారు. అర సెకనే కదా అని ఊరుకోలేదు. తీగ లాగారు, డొంక కదిలింది. 2024 మార్చి 29న ఆయన సంగతి బయటపెట్టడంతో అందరూ ఆ కూర్పులను తొలగించారు. జనం వాడే డెబియన్ స్థిర కూర్పులోకి అది చేరకముందే ఆగిపోయింది. చేరి ఉంటే లోకంలోని లెక్కలేనన్ని సర్వర్ల తాళంచెవులు పరాయివారి చేతికి చిక్కేవి.

ఈ ఉదంతం చెప్పేది రెండు సంగతులు. ఎవరి ముక్క వాడుతున్నామో తెలిస్తే చాలదు, ఆ ముక్కను చూసుకునే మనిషి ఎలా ఉన్నాడో కూడా తెలియాలి. ఆ మనిషి ఒంటరిగా అలసిపోయి ఉంటే, వాడుకునేవారందరూ ప్రమాదంలో ఉన్నట్టే.

సర్కారు వారి మార్గదర్శకాలు

మన దేశంలోనూ ప్రభుత్వం ఈ విషయం పట్టించుకుంటోంది. ఓపెన్ సోర్స్ వాడకాన్ని ప్రోత్సహించే విధానాన్ని కేంద్ర ప్రభుత్వం 2015లోనే ప్రకటించింది. వాడకం పెరిగాక లెక్క కూడా కావాలి గనుక, కంప్యూటర్ భద్రత చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2024 అక్టోబరులో సాఫ్ట్‌వేర్ బిల్ ఆఫ్ మెటీరియల్స్ గురించి సాంకేతిక మార్గదర్శకాలు వెలువరించింది. తెలుగులో చెప్పాలంటే ఇది సరుకుల చిట్టా. ప్రోగ్రాములో కలిసిన ప్రతి ముక్క పేరు, కూర్పు నంబరు, ఇచ్చినవారు, లైసెన్సు, అది ఆధారపడిన ఇతర ముక్కలు, తెలిసిన లోపాలు, వాటికి మందు వేశారా లేదా అన్నవి అందులో ఉండాలి. ప్రభుత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు ఈ చిట్టా అడగాలన్నది ఉద్దేశం. 2025 జూలైలో దీనికి రెండో కూర్పు కూడా వచ్చింది. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ కూడా తన పరిధిలోని సంస్థలకు ఇటువంటి చిట్టా ఉండాలని 2024 ఆగస్టులో నిర్దేశించింది.

కాగితం మీది చిట్టాతోనే పని తీరదు. ఏటా జమాబందీ జరిగినట్టు, ప్రోగ్రాములో మార్పు జరిగినప్పుడల్లా చిట్టా తిరగరాయాలి. నిరుటి అడంగల్ చూసి ఈ ఏటి పంట చెప్పలేం.

మన పిల్లలు, మన దుకాణాలు

ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం పిల్లలు ప్రాజెక్టు కోసం ఇంటర్‌నెట్ నుంచి ముక్కలు తెచ్చుకోవడం పరిపాటి. తప్పేమీ లేదు. కాని తెచ్చుకున్న రోజే ఒక పుస్తకంలో నాలుగు గడులు గీసి రాసుకోవాలి. ముక్క పేరు, కూర్పు నంబరు, ఎక్కడి నుంచి తెచ్చింది, లైసెన్సు ఏమిటి. లైసెన్సు గడి ఖాళీగా మిగిలితే ఆ ముక్కను వదిలేయాలి. లేదా రాసినవారికి ఉత్తరం పెట్టి అనుమతి అడగాలి. అడిగితే చాలామంది కాదనరు. పని జరిగేచోట జాబితాను తయారుచేసి ఇచ్చే ఉచిత ప్రోగ్రాములు కూడా ఉన్నాయి.

రెండేళ్ల నుంచి ఒక దిద్దుబాటు లేని ముక్కనైతే తెచ్చుకునే ముందు మరోసారి ఆలోచించాలి. పదకొండు లైన్ల పని సొంతంగా రాసుకోగలిగితే అరువు అనవసరం. కృత్రిమ మేధను అడిగి ప్రోగ్రాములు రాయించేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. అది ఒక్కోసారి లోకంలో లేని ముక్క పేరు కూడా చెబుతుంది. ఆ పేరుతో ఎవడో మోసగాడు నకిలీ ముక్క పెట్టి కాచుకుని ఉండవచ్చు. పేరు బాగుందని నకిలీ విత్తనం కొన్నట్టవుతుంది.

హైదరాబాదులోగాని, బెంగళూరులోగాని పెద్ద కంపెనీలో చేరాక మొదటి వారంలోనే ఈ ప్రశ్నలు ఎదురవుతాయి. ఈ లెక్క చూడడమే ఉద్యోగంగా ఉన్నవారూ ఉన్నారు. ఒక కంపెనీని మరో కంపెనీ కొనేటప్పుడు ప్రోగ్రాముల లోపలి లైసెన్సులన్నీ తనిఖీ చేయించడం ఇప్పుడు మామూలైంది. పొలం కొనేముందు ఈసీ తీయించినట్టే ఇది.

పెళ్లి పత్రికలు వేసే ప్రెస్సులవారికి, ఫ్లెక్సీలు కొట్టే దుకాణాలవారికి కూడా ఇందులో పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద వచ్చిన తెలుగు ఫాంట్లతో శుభలేఖ వేసినా, ఫ్లెక్సీ కొట్టినా, పుస్తకం అచ్చువేసి అమ్ముకున్నా ఎవరికీ పైసా చెల్లించనక్కరలేదు. ఆ ఫాంటును మాత్రమే విడిగా వెలకట్టి అమ్మకూడదు. మార్చి పంచితే అదే లైసెన్సు కింద పంచాలి. పాత పేరు తమదేనని రాసినవారు అట్టిపెట్టుకుంటే, మార్చినదానికి కొత్త పేరు పెట్టాలి. దొంగ కాపీల భయం లేకుండా వ్యాపారం చేసుకోవడానికి ఇది మంచి దారి.

తీసుకున్నవారికీ బాధ్యత ఉంది

పుల్లరి కట్టమన్నందుకు మించాలపాడు కన్నెగంటి హనుమంతు ఎదురు తిరిగి 1922లో ప్రాణాలు ఇచ్చిన నేల ఇది. అందరిదైన అడవిలో పశువును మేపుకోవడానికి రుసుమెందుకని ఆనాడు ప్రజలు అడిగారు. ఓపెన్ సోర్స్ అందరిదైన మేత బీడు. ఇక్కడ పుల్లరి లేదు, గేటు దగ్గర గుమాస్తా లేడు. అందుకే బీడును కాపాడుకోవలసిన పని మేపుకునేవారి మీదనే పడుతుంది.

వాడుకుంటున్న ముక్కలో తప్పు కనిపిస్తే రాసినవారికి తెలియజేయడం ఒక సాయం. దిద్ది పంపడం ఇంకా పెద్ద సాయం. తెలుగులో వివరం రాసివ్వడం, కొత్తవారికి నేర్పడం కూడా సాయమే. నాలుగు గడుల పుస్తకం ఉన్న విద్యార్థికి ఏ ముక్క రాసినవారికి తాను రుణపడి ఉన్నాడో తెలుస్తుంది. ఎవరికి బాకీ ఉన్నామో తెలిసినవాడే తీర్చగలడు. ఈ ఏడు ప్రాజెక్టు మొదలుపెట్టే పిల్లలు మొదటి పేజీ ఆ గడులతోనే మొదలుపెట్టడం మంచిది.